మిలట్రీ తాత, రెండు వరసల నవారు

"మావయ్యగారు రాత్రిళ్లు ఎవరినో పిలుస్తున్నారండి. హుకుందార్, హుకుందార్ అంటారు. మా ఇంట్లోనే కాదు, ఈ చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ ఆ పేరుగల మనిషి లేడండి."

కోడలు ఫోనులో చెప్పిన మొదటి మాట ఇది. రెండోది, చేతికర్రతో ఇల్లంతా పొడుస్తున్నారని. మూడోది, వాకిట్లో పిల్లలు అడుగుపెడితే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగేస్తున్నారని. ఊళ్లో అప్పటికే గాలి సోకిందన్నారు, తాయెత్తు కూడా కట్టించారు.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. కోనసీమ లంక గ్రామాల్లో డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లను ఇళ్లకు వెళ్లి చూస్తుంటాను. ఈ కేసు రాసుకోవడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేశాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

ఆయనకు 79 ఏళ్లు. ఊరంతా మిలట్రీ తాత అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. 1964లో, చైనా యుద్ధం తర్వాత సైన్యాన్ని గబగబా పెంచుతున్న రోజుల్లో చేరారు. బెంగళూరులో ట్రైనింగ్, మద్రాస్ సాపర్స్‌లో ఉద్యోగం, 1981లో హవల్దారుగా రిటైర్మెంట్. తర్వాత రెండెకరాల కొబ్బరితోట. సాపర్ అంటే సైన్యానికి దారి వేసేవాడు. వంతెన కట్టాలన్నా, రోడ్డు వెయ్యాలన్నా, భూమిలో మందుపాతరలు పెట్టాలన్నా, తియ్యాలన్నా వాళ్లదే పని. ఇది నాకు ముందు తెలియదు. సైనికుడంటే తుపాకీ అనే నాకూ తెలుసు. మొదటి తప్పు అక్కడే మొదలైంది.

పరీక్షల సంగతి క్లుప్తంగా చెప్తాను. జ్ఞాపకశక్తి పరీక్షలో 30కి 14 వచ్చాయి. ఈ రోజు ఏ వారం అంటే "పెరేడ్ లేదుగా, ఆదివారమే" అన్నారు. అది గురువారం. స్కానింగులో మెదడు కుంచించుకుపోవడంతోపాటు పాత చిన్న స్ట్రోకుల గుర్తులున్నాయి. థైరాయిడ్, బీ12, సోడియం బాగానే ఉన్నాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే దానికి మందు ఇప్పించాం. పెద్దవాళ్లలో ఉన్నట్టుండి గందరగోళం పెరిగితే ముందు చూడాల్సింది అదే. చెవులు బాగా మందగించాయి. ఒక చెవిలో గుమిలి గట్టిపడిపోయి ఉంది. అది తీయించగానే ఆ వారమే సగం కసురుకోవడం తగ్గింది. వినపడక కసురుకునే మనిషిని మతిపోయి కసురుకుంటున్నాడనుకోవడం మన ఇళ్లల్లో మామూలే.

నేను వెళ్లేసరికి ఆయన మత్తులో ఉన్నారు. దగ్గరి టౌనులో ఒక డాక్టరు రాత్రికి, మతి చలించినవాళ్లకు ఇచ్చే యాంటీసైకోటిక్ రకం గట్టి మాత్ర రాశారు. దాంతో కాళ్లు చేతులు బిగుసుకుని, మూడు నెలల్లో ఆరుసార్లు పడ్డారు. డిమెన్షియా ఉన్న వృద్ధులకు ఆ రకం మందులతో స్ట్రోకు ముప్పు, ప్రాణాపాయం పెరుగుతాయని 2005 నుంచీ హెచ్చరికలున్నాయి. మాతో పనిచేసే సైకియాట్రిస్టు ఆ మందు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. మత్తు దిగాక అసలు మనిషి కనిపించారు. కర్ర పట్టుకుని నేలను పొడిచే మనిషి.

ఆ పొడవడాన్ని ఒక సాయంత్రం దగ్గర కూర్చుని చూశాను. గొంతుక్కూర్చుంటారు. కర్రను నిట్టనిలువుగా దించరు, ఏటవాలుగా మెల్లగా నొక్కుతారు. ఆగుతారు. రెండు వేళ్ల మేర పక్కకు జరుపుతారు, మళ్లీ నొక్కుతారు. ఎడంవైపు నుంచి కుడికి ఒక వరస అయ్యాక అరచేత్తో ఆ చోటు నిమిరి, అరడుగు ముందుకు జరుగుతారు. పనిలో ఉన్న మేస్త్రీకి ఉండే నిదానం ఉంది ఆ మొహంలో. ఈలోగా మనవడు పరుగెత్తుకొస్తే "తంబీ! అక్కడే నిలబడు!" అని ఒక్క అరుపు. మనవడి పేరు కూడా మర్చిపోయారని ఇంట్లోవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

దీని అర్థం నాకు చెప్పింది ఏ పుస్తకమూ కాదు, పక్క ఊళ్లోని రిటైర్డ్ సుబేదారుగారు. మద్రాస్ సాపర్లను సైన్యంలో అందరూ పిలిచే ముద్దుపేరే తంబి. హుకుందార్ అన్నది మనిషి పేరు కాదు, రాత్రి కాపలా సిపాయి వేసే కేక. ఇంగ్లిషులో ఎవరు వస్తున్నారని అడిగే మాట సిపాయిల నోట నలిగి నలిగి అలా అయింది. ఇక నేలను పొడవడం అంటే మందుపాతర వెతకడం. పాతర మీటలు పైన ఉంటాయి కాబట్టి పైనుంచి పొడవకూడదు, పక్కనుంచి తగలాలి, అందుకే ఏటవాలు. "అమ్మా, ఆయనకి మతిపోలేదు, డ్యూటీలో ఉన్నాడు" అన్నారు సుబేదారుగారు. సగం నిజం. మతీ పోయింది, డ్యూటీలోనూ ఉన్నారు.

వృద్ధులు గతాన్ని తవ్వుకోవడం చాదస్తం కాదని, జీవితాన్ని సర్దుకునే పని అని రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ వైద్యుడు 1963లో రాశారు. జ్ఞాపకాలతో చేసే చికిత్సలకు పునాదుల్లో అదొకటి. పది నుంచి ముప్పై ఏళ్ల మధ్య జరిగినవి ముసలితనంలో ఎక్కువగా మిగులుతాయన్నది కూడా చాలాసార్లు తేలిన విషయమే. మిలట్రీ తాతకు ఆ వయసులో సగానికి పైగా సైన్యంలోనే గడిచింది. 1971లో, పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు, 26 ఏళ్లు. యుద్ధం గురించి మాట్లాడిస్తే చాలు, అంతా బయటికొస్తుందనుకున్నాను.

ఆయన యూనిట్ పశ్చిమ సరిహద్దున షకర్‌గఢ్ సెక్టారులో ఉంది. ఆ యుద్ధాన్ని నేను చదువుకుని మరీ వెళ్లాను. డిసెంబర్ 15 రాత్రి బసంతర్ నది దగ్గర ఇంజనీర్లు మందుపాతరల మధ్య దారి సగం దాకా తీశారు. ఇంతలో అవతల శత్రు ట్యాంకుల కదలిక కనబడింది. మిగతా సగం తియ్యకుండానే పూనా హార్స్ రెజిమెంటు ట్యాంకులు పాతరల మీదుగా దూసుకెళ్లాయి. మర్నాడు అక్కడే 21 ఏళ్ల సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ చనిపోయారు, ఆయనకు పరమవీర చక్ర ఇచ్చారు. 17వ తేదీ రాత్రి 8 గంటలకు పశ్చిమాన కాల్పులు ఆగాయి. మొత్తం రెండు వారాలు.

మూడు సిట్టింగుల్లో ఇదే అడిగాను. ట్యాంకుల ఫొటోలు చూపించాను, పశ్చిమీ స్టార్ పతకం చేతిలో పెట్టాను. పతకాన్ని తిప్పి చూసి జేబులో వేసుకున్నారు. "యుద్ధంలో ఏం జరిగింది తాతగారూ?" అంటే ప్రతిసారీ ఒకే జవాబు: "ఏం జరగలేదు." నేను దాన్ని మర్చిపోవడం అని నోట్సులో రాసుకున్నాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది, చూస్తే సిగ్గేస్తుంది.

అంతకన్నా పెద్ద తప్పు ఆగస్టు 15న జరిగింది. ఊళ్లో సన్మానం చేస్తామన్నారు. కొడుకు సంబరపడ్డాడు. నన్నడిగితే మంచిదే, గుర్తింపు మనిషికి బలం అన్నాను. శాలువా కప్పారు, దండ వేశారు, మైకులో వీరుడన్నారు. జెండా ఎగరగానే ఎవరో కుర్రాళ్లు లక్ష్మీబాంబులు వరసగా పేల్చారు. తాత పక్కనున్న ఏడో తరగతి పిల్లాణ్ని లాగి కింద పడేసి, వాడి మీద తాను బోర్లా పడుకున్నారు. పిల్లాడి మోచెయ్యి దోక్కుపోయింది. లేపబోతే లేవలేదు. పంచె తడిసిపోయింది. మైకు పట్టుకున్నాయన ఏం చెయ్యాలో తోచక దేశభక్తి పాట పెట్టించాడు. ఆ తర్వాత మూడు రాత్రులు ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. శబ్దాల సంగతి ముందే అడగాల్సింది నేను. అడగలేదు.

నాలుగో రోజు వెళ్లాను, ఏం మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియక, ఆయన దగ్గరికి కాకుండా వంటింట్లో మామ్మగారి దగ్గర కూర్చున్నాను. అప్పటిదాకా ఆవిణ్ని నేను అడిగినవి మందులు, భోజనం, మలమూత్రాలు. యాభై ఎనిమిదేళ్లు కలిసి బతికిన మనిషిని అడగాల్సినవి అవా!

కొబ్బరి కోరుతూ ఆవిడ తనంతట తనే అంది: "ఇదంతా యుద్ధంలోది కాదమ్మా. యుద్ధం అయిపోయాకది."

అటక మీది నల్ల ట్రంకుపెట్టె దింపించింది. దాని మీద తెల్లరంగుతో ఆయన నంబరు. లోపల డిశ్చార్జి బుక్కు, ఉన్ని మఫ్లరు, పురికొసతో కట్టిన ఇన్లాండ్ లెటర్ల కట్ట. పంపినవారి చిరునామాలో ఊరు లేదు, కేరాఫ్ 56 ఏపీఓ అని మాత్రం ఉంది. మిలట్రీ పోస్టాఫీసు నంబరది. మనిషి ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్లకు తెలియదు. ఆవిడకు చదువు రాదు. ఉత్తరాలన్నీ మామగారి పేరునే వచ్చేవి, అరుగు మీద పదిమంది ముందు చదివేవారు. "మహారాజశ్రీ నాన్నగారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది" అని మొదలయ్యేవి, "ఇంటిలో అందరినీ అడిగినట్లు చెప్పవలెను" అని ముగిసేవి.

"ఆ అందర్లో నేనున్నాననుకునేదాన్ని" అంది మామ్మగారు.

యుద్ధం ముగిసిందని పంచాయతీ రేడియోలో చెప్పిన రోజు ఊళ్లో బెల్లం పంచారట. యుద్ధంలో పదిరోజులకొకటి చొప్పున వచ్చిన ఉత్తరం, అంతా అయిపోయాక రెండు నెలలు రాలేదు. ఆవిడ ఆ లెక్క మర్చిపోలేదు. నేను ముద్రల మీది తేదీలు చూశాను. 1971 డిసెంబర్ చివర్లో ఒకటి, ఆ తర్వాతది 1972 మార్చిలో. ఆ ఉత్తరంలో పని ఎక్కువగా ఉండి రాయలేదని, చలి తగ్గిందని, గేదె ఈనిందా అని మూడు ముక్కలున్నాయి. "ఆ తర్వాత సెలవుకొచ్చినప్పటి నుంచే పిల్లల్ని పొలంలోకి వెళ్లనిచ్చేవారు కాదు" అందావిడ. అంటే ఈ అలవాటు జబ్బుతో కొత్తగా వచ్చింది కాదు. పాతదే, జబ్బు దాని మీది మూత తీసింది.

కాల్పులు ఆగడంతో అందరి యుద్ధం అయిపోయింది గానీ సాపర్లది అవలేదు. పెట్టినవన్నీ తియ్యాలి. చదువుకుని మరీ వెళ్లిన నాకు ఆ ఆలోచనే రాలేదు. నేను డిసెంబర్ 3 నుంచి 17 వరకు అడిగాను. ఆయన సరిగ్గానే చెప్పారు, ఏం జరగలేదని.

తర్వాతి వారం ఫొటోలు పక్కనపెట్టి పది బారల కొబ్బరితాడు తీసుకెళ్లాను. ఏమీ అడగలేదు. ఒళ్లో పెట్టాను. రెండు నిమిషాలు పేనింది చూశారు, తర్వాత చేతులు వాటంతటవే కదిలాయి. మంచం కోడుకు ఒక ముడి. "క్లోవ్ హిచ్." విప్పి ఇంకొకటి. "రీఫ్ నాట్." రెండు వేర్వేరు లావు తాళ్లను కలిపే ముడి ఏదో వేసి, లాగి చూసి, నా మొహంలోకి చూశారు. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తులేని మనిషి ఏడు ముళ్లు తడుముకోకుండా వేశారు. చేతులకు వచ్చిన పనులు మెదడులో వేరే చోట దాగుంటాయని మాకు చదువులో చెప్తారు. కళ్లెదుట చూడడం వేరు.

ఆ చేతులు ఆడుతున్నంతసేపూ మాటలు వచ్చాయి. తెలుగు, అరవం, హిందీ కలగలిపి, ముక్కలు ముక్కలుగా. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు వాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. ఈయన మూడింటితో నెట్టుకొచ్చారేమో, ఒక్క మనిషిని చూసి చెప్పలేం. ఐదారు సిట్టింగుల్లో నేను రాసుకున్న ముక్కలు ఇవి, వరస నాది కాదు, ఆయన చెప్పినదే: "తెల్ల టేపు నేనే కట్టాను." "రెండు వరసలు, మధ్యలో నడవాలి." "వాడికి చెప్పాను." "నీళ్లకెళ్లాడు." "టేపు దాటి ఎందుకెళ్లాడు?" చివరి ప్రశ్న ఒక రోజు నన్నే నిలదీసి అడిగారు. నాకు తెలియదు తాతగారూ అన్నాను. "నాకూ తెలీదు" అన్నారు, తాడు చుట్ట చుట్టి పక్కనపెట్టి.

ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని నేను తవ్వలేదు. రికార్డులు వెతకలేదు. కొడుకు వెతికిద్దామన్నాడు, నేనే వద్దన్నాను. చికిత్సకు దాంతో పనిలేదు. ఆ కుటుంబం ఏదో ఉంటుంది, యాభై ఏళ్ల తర్వాత వాళ్ల తలుపు తట్టే హక్కు నాకు లేదు.

టేపు మాట మాత్రం నాకు పనికొచ్చింది. పాతరలు తీసిన దారికి రెండు పక్కలా గుర్తుగా కట్టేది అది. ఆయన పడిపోతున్నది ఎక్కువగా రాత్రి మంచం నుంచి బాత్‌రూముకు వెళ్లేటప్పుడు. కర్రతో పొడుచుకుంటూ వంగి వెళ్తారు, తూలి పడతారు. ఇంట్లో పాత నవారు మంచం ఒకటుంది. దాని తెల్ల నవారు ఊడదీసి, కోడలూ నేనూ మంచం దగ్గర్నుంచి బాత్‌రూము గడప దాకా నేల మీద రెండు వరసలు పరిచి, అంచులు జారకుండా జిగురు టేపుతో అంటించాం. మధ్యలో మూడడుగుల దారి. గోడకు చిన్న లైటు. ఆ సాయంత్రం తాత లేచి నిలబడి చాలాసేపు చూశారు. కర్రతో ఒక్కసారి పొడిచారు, నవారు మధ్యలో. తర్వాత కర్రను నిలువుగా పట్టుకుని, నడుం ఎత్తి నడిచారు. గడప దగ్గర తిరిగి "సాఫ్" అన్నారు.

మా నెలవారీ సమావేశంలో ఈ కేసు చెప్పినప్పుడు ఒక సీనియర్ తప్పుపట్టారు. మీరు ఆయన భ్రమకు ఇటుకలు పేరుస్తున్నారు, ఇల్లు ఇల్లేనని, ఇక్కడ పాతరలు లేవని గుర్తుచెయ్యాలి కదా అన్నారు. కొడుకు ఏడాది పాటు చేసింది అదే. "లేవు నాన్నా, ఏం లేవు" అని చెప్పిన ప్రతిసారీ తాతకు భయం పెరిగింది, ఎందుకంటే పాతరలు లేవనుకుని నడిచే మనిషే ఆయన దృష్టిలో చచ్చిపోయే మనిషి. నేను పాతరల్ని తేలేదు. సాఫుగా ఉన్న దారిని చూపించాను. ఆ సీనియర్ ఒప్పుకోలేదు. తేలికపాటి డిమెన్షియాలోనైతే నేనూ ఇలా చేసి ఉండేదాన్ని కాదు.

ఇక మాట్లాడించే పనిలో యుద్ధాన్ని పూర్తిగా వదిలేశాం. ఆయనకు పెద్ద అక్షరాలతో, ఫొటోలతో ఒక పుస్తకం తయారుచేశాం, 24 పేజీలు. దానికి సరుకు కోసం ఊళ్లో అడిగితే ఎవరూ 1971 ఊసెత్తలేదు. అందరూ 1986 వరద చెప్పారు. ఆ ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులు దాటింది. లంకలు మునిగాయి. తాత అప్పటికి ఐదేళ్ల రిటైర్డ్ మనిషి. ఖాళీ డీజిలు డ్రమ్ములు, అరటిబోదెలు, కొబ్బరితాడు కలిపి తెప్ప కట్టి, చెట్టుకూ చెట్టుకూ తాడు లాగి, దాన్ని పట్టుకుని జనాన్ని గట్టు మీదికి చేర్చారట. ఒక నడివయసు మనిషి చెప్పాడు: "నేను అప్పుడు బుడ్డోణ్నండి. తాడు వదిలావో తంతానన్నాడు. ఇప్పటికీ ఆ తాడు అరచేతిలో ఉన్నట్టే ఉంటదండి." పుస్తకంలో సగం పేజీలు ఆ వరదవే. పతకాలకు ఒక్క పేజీ ఇచ్చాం, చివర్లో.

పుస్తకం చదివేది మనవడు. వరద పేజీ రాగానే తాత ఆ తెప్పలోని డ్రమ్ముల లెక్క సరిదిద్దేవారు. ఆరు కాదు, ఎనిమిది. ఒకసారి తొమ్మిదన్నారు. మనవడు దిద్దాడు, మళ్లీ దిద్దాడు, ఆఖరికి పెన్సిలుతో రాసుకున్నాడు.

ఫలితాలు. నవారు వేశాక నాలుగు నెలల్లో ఒకేసారి పడ్డారు, అదీ పగలు, పెరట్లో. రాత్రి కేకలు వారంలో ఐదారు నుంచి ఒకటి రెండుకు దిగాయి. మత్తుమాత్ర పూర్తిగా ఆగింది. జ్ఞాపకశక్తి మాత్రం 14 నుంచి 11కి పడింది. జబ్బు దాని దారిన అది వెళ్లింది. నవంబరులో పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు వేలిముద్ర పడక కొడుకు టెన్షన్ పడుతుంటే, తాత తన సైన్యం నంబరు గడగడా చెప్పారు. మిషన్‌కు అది అక్కర్లేదు గానీ మాకందరికీ నవ్వొచ్చింది. ఆఖరి రెండు నెలల్లో ముళ్లు కూడా పోయాయి. తాడును ఒళ్లో పెట్టుకుని నిమిరేవారు, అంతే. జనవరిలో న్యుమోనియాతో, ఇంట్లోనే వెళ్లిపోయారు.

పెద్దకర్మ అయిన రెండు వారాలకు వెళ్లాను. కొడుకు మెడ వంగి ఉంది, కోడలు నీరసపడింది, ఇద్దరికీ నిద్ర గురించి కాసేపు మాట్లాడాను. మామ్మగారు ఇన్లాండ్ లెటర్ల కట్ట తెచ్చి చదవమంది. యాభై ఏళ్లలో అవి అరుగు మీద తప్ప ఆవిడ ఒక్కదాని కోసం ఎవరూ చదవలేదు. నాలుగు చదివాను. ప్రతిదాని చివరా "ఇంటిలో అందరినీ" దగ్గర తలూపింది. ఐదోది తీస్తుండగా కరెంటు పోయింది.

"ఉండమ్మా, లాంతరు తెస్తా" అని లేచింది. కిటికీ వెలుగులో నేల మీది నవారు తెల్లగా కనబడుతోంది. ఇంకా తియ్యలేదు. సాయం చేద్దామని నేను ఆవిడ పక్కగా, గోడవైపు నుంచి నడవబోయాను.

"అటు కాదమ్మా, లోపల్నించి రా" అంది.